జహీరాబాద్ చలిలో అమ్మ బంగాళాదుంపలు

పెరట్లో పండనిది ఏదైనా ఉందంటే మా అమ్మ పట్టుదలంతా దాని మీదే. తెనాలిలో మా పెరడు చిన్నదేం కాదు. బావి పక్కన అరటి, గోడ వెంట బీర, పొట్ల పందిళ్ళు, మధ్యలో వంగ, బెండ, గోంగూర, ఓ మూల కంద, చేమ. కృష్ణ కాలువ కింది నల్లమట్టి, ఏది పెడితే అది వచ్చేది. లేనిదల్లా బంగాళాదుంప. ఇంటిల్లిపాదికీ ఇష్టమైన కూర, వారానికి రెండు మూడుసార్లు పొయ్యెక్కే కూర, అదొక్కటే బజారు నుంచి తెచ్చుకోవాల్సి రావడం అమ్మకి పెద్ద లోటుగా ఉండేది.

నాయనమ్మకి ఆ బాధ లేదు. తద్దినం వంటలో ఆవిడ బంగాళాదుంపని రానిచ్చేది కాదు, క్యాబేజీ, టమాటాలను రానివ్వనట్టే. "మన దేశపుది కాదమ్మా అది" అనేది. నిజమే. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీది జనం వేల ఏళ్ళుగా పండించుకున్న పంట అది. పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో మన పడమటి తీరానికి వచ్చి, అక్కణ్ణించి దేశమంతా పాకింది. తద్దినం ముగిసిన మర్నాడు మాత్రం కారం చల్లిన వేపుడు నాయనమ్మ కంచంలోనూ ఉండేది.

మొదటిసారి అమ్మ వాటిని నాటింది ఉగాది దాటాక. గంపలో అడుగున ఉండిపోయిన నాలుగు దుంపలకి మొలకలొచ్చాయి. కూరకి పనికిరావని పారెయ్యకుండా వంగ మడి పక్కనే పాతిపెట్టింది. మొక్కలు ఎంత బాగా వచ్చాయని! మోకాలెత్తున, ముదురాకుపచ్చగా, గుబురుగా. ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చి చూసి వెళ్ళేవాళ్ళు. ఎండలు ముదిరాక వాడిపోయాయి. తవ్వి చూస్తే ఒక్కో మొక్క కింద గోళీకాయలంత దుంపలు రెండో మూడో. నాన్నగారు నవ్వి ఊరుకున్నారు. అమ్మ మాత్రం వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఆకు ఇంత బాగా వచ్చింది కదా, అది తయారు చేసిందంతా ఎక్కడికి పోయినట్టు?" అంది.

ఆ ప్రశ్న ఆవిణ్ణి వదల్లేదు. రేడియోలో సాయంత్రం వచ్చే రైతుల కార్యక్రమం వింటూ బంగాళాదుంప మాట వస్తే చాలు, గరిటె పట్టుకునే వచ్చి నిలబడేది. అది చలికాలపు పంట అని అక్కడే విన్నది. మళ్ళీ కార్తీకం వెళ్ళాక నాటింది. ఈసారి దుంపలు కొంచెం పెద్దవే వచ్చాయి కానీ వంకరటింకరగా, బుడిపెలతో ఉన్నాయి. సగానికి పైగా ఆకుపచ్చగా మారాయి. మా నల్లమట్టి తడిగా ఉంటే బంకలా పట్టుకుంటుంది, ఆరితే నెర్రెలిస్తుంది. ఆ నెర్రెల్లోంచి వెలుతురు దిగి దుంపకి తగిలింది. వెలుతురు తగిలిన బంగాళాదుంప పచ్చబడుతుంది, దాంతోపాటు సోలనిన్ అనే చేదు విషం కూడా పెరుగుతుంది. అప్పట్లో అమ్మకి ఆ పేరు తెలియదు. ఒక ముక్క నాలిక మీద పెట్టుకుని చూసి, చేదుగా ఉందని మొత్తం గంప తీసుకెళ్ళి అరటి పాదులో పోసేసింది. గేదెకి కూడా పెట్టనివ్వలేదు. అది సరైన పనేనని తర్వాత తెలిసింది.

అలా ఉండగా నాన్నగారికి జహీరాబాద్ బదిలీ అయింది. అప్పుడది మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. బొంబాయి రోడ్డు మీద, కర్ణాటక సరిహద్దుకి దగ్గర్లో ఉన్న ఊరు. ఆల్విన్ నిస్సాన్ వ్యాన్ల ఫ్యాక్టరీ నడుస్తున్న రోజులవి. తెనాలి సముద్ర మట్టానికి పట్టుమని పదిహేను మీటర్ల ఎత్తు కూడా ఉండదు, జహీరాబాద్ 600 మీటర్ల పైన. మట్టి చూస్తే ఎర్రగా, గుల్లగా ఉంది, చేత్తో పిండితే పొడిపొడిగా రాలిపోతుంది. మేము పిల్లలం తెనాలి స్నేహితుల్ని తలుచుకుని ఏడుస్తుంటే, అమ్మ దిగిన రోజే పెరట్లో గుప్పెడు మట్టి తీసి నలిపి చూసుకుంది.

మొదటిసారి సంతకి వెళ్ళొచ్చిన అమ్మ మొహం నాకింకా గుర్తు. ఎర్రమట్టి అంటుకున్న ఆలుగడ్డలు కుప్పలు కుప్పలుగా పోసి అమ్ముతున్నారట. ఎక్కడివని అడిగితే "ఈడియే, మా చేన్లయే" అన్నారట. సంచి దించక ముందే ఆ మాట చెప్పింది. జహీరాబాద్, కోహీర్ చుట్టుపక్కల అల్లం, చెరకు, ఆలుగడ్డ బాగా పండిస్తారు. కోహీర్ జామకాయకి ఉన్న పేరు మీరు వినే ఉంటారు. అమ్మకి మాత్రం జామకాయ ఊసు పట్టలేదు.

మా పక్కింట్లో ఒక అవ్వ ఉండేది. కొడుకు కోహీర్ వైపు ఊళ్ళో వ్యవసాయం చేసేవాడు, మనవలని చదివించడానికి ఈవిడ పట్నంలో ఇల్లు తీసుకుని ఉంది. అమ్మని "బిడ్డా" అని పిలిచేది. అమ్మ వెళ్ళి తన తెనాలి కథంతా చెప్పింది. అవ్వ విని, ఏమాత్రం తడుముకోకుండా, "చలి వడ్తెనే గడ్డ ఊర్తది బిడ్డా. ఎండకాలం పెడ్తే ఆకే మస్తుగ వస్తది" అంది. అమ్మ తెనాలి నుంచి మోసుకొచ్చిన ప్రశ్నకి అందులో సగం జవాబు ఉంది.

దసరా వెళ్ళాక లారీల్లో విత్తనం దిగేది, ఆగ్రా నుంచి. అవ్వ కొడుకు తన చేనుకి తెచ్చుకున్న బస్తాల్లోంచి అమ్మకి కొంచెం ఇచ్చాడు. అమ్మ తెనాలిలో చేసినట్టే దుంపని దుంపగానే పాతబోయింది. అవ్వ చెయ్యి పట్టుకుంది. "గంత పెద్ద గడ్డ గట్లనే పెడ్తవా? కండ్లు జూసి కొయ్యాలె. ముక్కకు రెండు మూడు కండ్లుండాలె." చిన్నవి, కోడిగుడ్డంతవి ఉంటే కొయ్యక్కర్లేదు. పెద్దవాటిని నిలువుగా కోసి, పొయ్యిలోని కట్టెల బూడిదలో దొర్లించి, నీడన ఒక పూట ఆరబెట్టాలి. కోసిన చోట పొరలా కట్టుకుంటే నేలలో కుళ్ళదు. కుళ్ళిన గడ్డ చేతికి తగిలితే ఆ కత్తి నిప్పు మీద కాల్చి గానీ రెండో గడ్డ ముట్టుకోనిచ్చేది కాదు అవ్వ. దుంప తెగుళ్ళు కత్తితో ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటాయని పుస్తకాల్లో చదివినప్పుడు నాకు అవ్వ చేతులే గుర్తొచ్చాయి.

బోదెలు కట్టడం నాన్నగారి పని. జానెడు జానెడు దూరంలో ముక్కలు పెట్టడం మా పని. కన్ను పైకి ఉండేలా పెట్టాలి. తమ్ముడు ప్రతి ముక్కనీ తిప్పి తిప్పి చూసి, "దీని కళ్ళు ఇటు ఉన్నాయి, దీనివి అటు ఉన్నాయి" అంటూ మధ్యాహ్నం దాకా సాగదీశాడు. కింద చివికిన పశువుల ఎరువు, పైన నాలుగు వేళ్ళ మందాన మట్టి. తర్వాత మొక్క వచ్చేదాకా నీళ్ళు పలచగా. ఎక్కువ తడి పెడితే విత్తనం మురిగిపోతుంది. రెండు వారాలకి పైగా నేల మీద ఏమీ కనిపించలేదు. స్కూలు నుంచి రాగానే మేం చేసే మొదటి పని బోదెల మీద వంగి చూడటం. తమ్ముడికైతే నిజంగానే టెన్షన్, రాత్రి టార్చిలైటు వేసి చూసి వచ్చేవాడు. ఒక పొద్దున నేల చిట్లి, ముడుచుకున్న ఆకులు ఊదారంగు ఛాయతో బయటికొచ్చాయి. తమ్ముడు వీధిలోకి పరుగెత్తి అవ్వని లేపుకొచ్చాడు.

మొక్కలు జానెడు దాటాక అవ్వ చెప్పిన పని మట్టి ఎగదోయడం. రెండు వరసల మధ్య మట్టి లాగి కాండం మొదట్లో పొయ్యాలి, ఆకులున్న తల మాత్రం పైకి ఉండాలి. ఇంత చక్కగా పెరిగిన మొక్కని సగం పాతెయ్యడానికి అమ్మకి మొదట చెయ్యి రాలేదు. కానీ అసలు కిటుకు అక్కడే ఉంది. చిలగడదుంప వేరు, బంగాళాదుంప మాత్రం కాండం. నేలలో ఉన్న కాండం కణుపుల నుంచి తెల్లటి తీగల్లాంటివి పక్కలకి పాకుతాయి. వాటి చివర్లు ఉబ్బితే అదే దుంప. మట్టి ఎగదోస్తే వాటికి చీకటీ, చోటూ దొరుకుతాయి. ఊరుతున్న దుంప మీద ఎండ పడదు. "గడ్డకు ఎండ తాకొద్దు" అని అవ్వ అన్నప్పుడు అమ్మ గట్టిగా నవ్వి, తెనాలిలో అరటి పాదు పాలైన గంప సంగతి చెప్పింది.

పూలు వచ్చాక ఇంకో సంగతి బయటపడింది. తెల్లటి పూలు, మధ్యలో పసుప్పచ్చ మొన. అమ్మ ఒక పువ్వు కోసి వంగ పువ్వు పక్కన పెట్టి చూసింది. "ఇవి చుట్టాల్లా ఉన్నాయే!" అంది. వంగ, టమాటా, మిరప, బంగాళాదుంప అన్నీ ఒకే కుటుంబమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు, పువ్వు చూసి పట్టుకుంది. అంతటితో ఆగలేదు. చుట్టాలైతే పురుగులూ ఒకటే అయ్యుంటాయని ఆ సాయంత్రమే ఆకులు తిప్పి చూసింది. ఉండనే ఉన్నాయి అక్షింతల పురుగులు, వంగాకుని జల్లెడ చేసే అవే పురుగులు. పొద్దున్నే మేము ముగ్గురం ఆకులు తిప్పుతూ వాటిని ఏరి కిరసనాయిలు కలిపిన నీళ్ళలో వేసేవాళ్ళం. పువ్వులు రాలాక కొన్ని మొక్కలకి ఆకుపచ్చ కాయలు గుత్తులుగా వచ్చాయి, అచ్చం పచ్చి టమాటాలే. తమ్ముడు కోసి తినబోతే అవ్వ చేతి మీద ఒక్కటిచ్చింది. అవి విషం. వాటి లోపలి గింజలతోనూ మొక్కలు మొలుస్తాయి కానీ ఏ మొక్కకి ఎలాంటి దుంప వస్తుందో చెప్పలేం. కొత్త రకాలు తయారుచేసే శాస్త్రవేత్తలకి మాత్రం ఆ గింజలే ఆధారం.

సంక్రాంతి ముందు కింది ఆకుల మీద గోధుమ రంగులో గుండ్రటి మచ్చలు, మచ్చలో మచ్చగా వలయాలు వచ్చాయి. నాన్నగారికి ఐర్లండు గుర్తొచ్చింది. 1845లో మొదలై వరసగా కొన్నేళ్ళు అక్కడి బంగాళాదుంప పంటని తెగులు తుడిచిపెట్టిన సంగతి, పది లక్షల మంది దాకా చనిపోయి, ఇంకో అంతమంది దేశం విడిచి వెళ్ళిన సంగతి ఆ రాత్రి అన్నాలు తింటున్నప్పుడు చెప్పారు. మాకు ముద్ద దిగలేదు. మా మొక్కలకి వచ్చింది ఆ తెగులు కాదు, ఇంకొకటి, దాని అంత ప్రమాదకరమైంది కూడా కాదు. మచ్చల ఆకులు తుంపి కాల్చేస్తే ఆగింది. అయినా ఆ రాత్రి విన్న ఐర్లండు కథ నా మనసులోంచి పోలేదు. ఒకే పంట మీద, అందులోనూ ఒకటి రెండు రకాల మీద ఒక దేశపు పేదలంతా బతకడం ఎంత భయంకరమో అప్పుడే తెలిసింది.

ఆకులు పసుపు తిరిగాయి. మేము గునపాలతో సిద్ధం. అవ్వ ఆపింది. "చెట్టు కోసేసి పది రోజులు ఊకోండ్రి. పొట్టు గట్టి వడనియ్యుండ్రి." పై మొక్కని నేలమట్టానికి కోసేసి, నీళ్ళు మానేసి దుంపని నేలలోనే ఉంచితే తోలు ముదురుతుంది, నిలవ ఉంటుంది. ఆ పది రోజులు మాకు పరీక్షే. తమ్ముడు బోదె పక్క నుంచి చెయ్యి దూర్చి ఒకటి తీసుకొచ్చాడు. అమ్మ కోప్పడుతుందనుకున్నాం. దాన్ని బొటనవేలితో రుద్దింది, పొట్టు ఊడి వచ్చింది. "ఇంకా కాలేదు" అని తమ్ముడికే పరీక్ష ఎలా చెయ్యాలో నేర్పింది.

తవ్విన రోజు ఆదివారం. నాన్నగారు బోదె పక్కగా పార దించి మట్టిని తిరగేస్తే, ఎర్రమట్టిలోంచి ఒకదాని వెనక ఒకటి పైకొచ్చాయి. అమ్మ ఏమీ మాట్లాడలేదు. కొంగు నడుముకి చుట్టి, మోకాళ్ళ మీద కూర్చుని చేతులతోనే మట్టి తోడుతూ ఏరింది. ఒక్కో మొక్క కింద ఎన్ని ఉన్నాయో పద్దు పుస్తకంలో నా చేత రాయించింది. కిరాణా కొట్టు తరాజు అడిగి తెచ్చి తూచాం. పెట్టినదానికి ఏడు రెట్లు దాటింది. గునపం దెబ్బ తగిలినవి ఒక పక్కకి, పచ్చబడ్డవి ఇంకో పక్కకి తీసేసి, మిగిలినవి కడగకుండా నీడలో ఆరబెట్టాం. కడిగితే నిలవ ఉండవు. ఉల్లిపాయల పక్కన పెట్టొద్దని కూడా అవ్వే చెప్పింది.

తిండి సంగతి చెప్పకపోతే ఎలా? ఆ సాయంత్రం అవ్వ తన పొయ్యి మీద జొన్న రొట్టెలు కాలుస్తూ, పక్కన బూడిదలో మా కొత్త ఆలుగడ్డలు కప్పిపెట్టింది. కాలాక ఊది, చేత్తో చిదిపి, పచ్చిమిరపకాయలూ ఎల్లిపాయలూ దంచిన కారం, ఉప్పు వేసి పెట్టింది. పొట్టుతో సహా తిన్నాం. కొత్త దుంపకి తియ్యదనం వేరు, గుజ్జు లోపల తడిగా ఉండి పొట్టుకి అంటుకుని వస్తుంది. అమ్మ మర్నాడు మా పద్ధతిలో చేసింది. ఉడికించి, చిన్నవాటిని కొయ్యకుండా నిండుగానే నూనెలో ఎర్రగా వేయించి, ధనియాల కారం చల్లింది. పెద్దవాటితో అల్లం, పచ్చిమిర్చి వేసి ముద్దకూర, పూరీలు. ఆ గిన్నెలు అవ్వ ఇంటికి, అవ్వ రొట్టెలు మా ఇంటికి. తెనాలి నుంచి వచ్చిన నాయనమ్మ జొన్న రొట్టె ముట్టదనుకున్నాం. బూడిదలో కాల్చిన ఆలుగడ్డతో రెండు తిన్నది.

మరుసటి ఏడాదికి సొంత విత్తనం దాచాలని అమ్మ చూసింది. ఎండాకాలానికే సగం ముడతలు పడిపోయాయి. మిగిలినవాటిని నాటితే ఆకులు ముడుచుకుని, మొక్క గిడసబారి, దిగుబడి బాగా తగ్గింది. ఆగ్రా లారీల గుట్టు దీంతోనే తెలిసింది. బంగాళాదుంప విత్తనంలో వైరస్ తెగుళ్ళు ఏటేటా పేరుకుంటాయి, వాటిని మోసుకొచ్చేది పేనుబంక అనే చిన్న పురుగు. పేనుబంక తక్కువగా ఉండే చలి నెలల్లో ఉత్తరాది మైదానాల్లో విత్తనం పండించి, శీతల గిడ్డంగుల్లో దాచి ఇటు పంపుతారు. ఈ పద్ధతి మన శాస్త్రవేత్తలే రూపొందించారు. అంతకుముందు మంచి విత్తనం కావాలంటే కొండ ప్రాంతాలే దిక్కు.

తర్వాత నేను డిగ్రీలో వృక్షశాస్త్రం తీసుకున్నాను. దానికి కారణం ఆ పెరడే. ఒక రోజు లైబ్రరీలో బంగాళాదుంప గురించిన అధ్యాయం దొరికింది. అవ్వ కొడుకు నోట విన్న 'జ్యోతి' రకం కుఫ్రీ జ్యోతి అనీ, అది 1968లో విడుదలైందనీ, కుఫ్రీ అన్నది సిమ్లా దగ్గరి కొండ ఊరనీ చదువుతుంటే చుట్టాల పేర్లు చదువుతున్నట్టే ఉంది. 1949లో పాట్నాలో మొదలై 1956లో సిమ్లాకి మారిన కేంద్రీయ బంగాళాదుంప పరిశోధన సంస్థ తన రకాలన్నిటికీ ఆ ఊరి పేరే ముందు పెడుతుంది. దాని కింద అమ్మ ప్రశ్నకి మిగతా సగం జవాబు ఉంది. పగలు ఆకు తయారుచేసిన చక్కెర రాత్రి దుంపలోకి దిగి పిండిగా మారాలి. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల లోపు ఉంటేనే అది బాగా సాగుతుంది. రాత్రులు వేడిగా ఉంటే మొక్క ఆ చక్కెరని ఊపిరికీ, కొమ్మలకీ, ఆకులకీ ఖర్చు పెట్టేసుకుంటుంది, కిందికి దిగేది ఉండదు. తెనాలిలో ఉగాది తర్వాతి రాత్రులు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా? కోహీర్ పేరు మాత్రం ఇప్పటికీ ప్రతి చలికాలం వార్తల్లో వస్తుంది, రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రత నమోదైన చోట్లలో ఒకటిగా.

సెలవులకి ఇంటికెళ్ళి ఆ పేజీ అమ్మకి చదివి తెలుగులో చెప్పాను. కూర తరుగుతున్నదల్లా కత్తిపీట పక్కకి వాల్చి, "రాత్రి సంగతి మళ్ళీ చెప్పు" అంది. మళ్ళీ చెప్పాను. "అవ్వ చదువుకోకుండానే చెప్పింది చూశావా" అని ఆ సాయంత్రమే అవ్వ ఇంటికి వెళ్ళి, నేను చెప్పిందంతా ఆవిడకి వివరించి వచ్చింది. మా అమ్మలోని ఈ గుణం నాకు చాలా ఇష్టం. తెలుసుకున్నదాన్ని నేర్పినవాళ్ళకి కూడా తీసుకెళ్ళి ఇస్తుంది.

ఇప్పుడు అమ్మ హైదరాబాద్‌లో నా దగ్గరే ఉంటోంది. అవ్వ లేదు. మాకు పెరడు లేదు, డాబా ఉంది. సిమెంటు సంచుల అంచులు సగానికి మడిచి, కింద చిల్లులు పెట్టి, ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి పోస్తాం. మొక్క ఎదిగేకొద్దీ మడత విప్పుతూ మట్టి పోస్తాం, ఎగదోయడం అన్నమాట. డాబా మీద సంచి తొందరగా వేడెక్కుతుంది కాబట్టి చుట్టూ పాత గోనె కట్టి తడుపుతాం. నవంబరు వచ్చిందంటే అమ్మ పొద్దున్నే అడిగేది రాత్రి ఎంతకి దిగిందని. ఫోన్‌లో చూసి పదహారు అంటే సంతోషం, ఇరవై రెండు అంటే దిగులు. వేడి రాత్రుల్లోనూ దుంప కట్టే కుఫ్రీ సూర్య అనే రకం 2006లో వచ్చిందని చెప్పినప్పటి నుంచి అది ఎక్కడ దొరుకుతుందని నన్ను వదలడం లేదు.

అవ్వ మనవడు ఇప్పుడు ఊళ్ళోనే వ్యవసాయం చూసుకుంటున్నాడు. నిన్న ఫోన్ చేసి విత్తనం లారీ దిగిందని చెప్పాడు. ఆదివారం వెళ్ళి తెచ్చుకోవాలి. పెద్ద గడ్డలు వద్దు, కొయ్యక్కర్లేని చిన్నవి ఏరి పెట్టమను అని అమ్మ అప్పుడే అతనికి చెప్పించింది.